మేస్త్రీగారికి ఏమేం వచ్చు

ఒక పెద్దాయన నన్నొక కాగితం రాసిమ్మని అడిగారు. సరేనన్నాను. బాగా రాయాలని ఆలస్యం చేశాను. ఆ ఆలస్యంలోనే ఆయన పోయారు.

ఇది ఆ కాగితం. అందుకోవడానికి ఆయన లేకపోయినా రాయక తప్పదు. ఎందుకంటే అంతకుముందు ఆయన గురించి నేను రాసిన కాగితం ఇంకొకటి ఏదో కంపెనీవారి బీరువాలో ఇప్పటికీ ఉండే ఉంటుంది. అది అబద్ధాల కాగితం. కింద ఆయన సంతకం ఉంది.

ఆయన పోయిన సంగతి నాకు కొబ్బరితాడు వల్ల తెలిసింది. పాలకొల్లులో మా మేనమామగారి ఇనుప సామాన్ల కొట్లో నేను గుమస్తాను. ఒకరోజు పొద్దున్నే నూకరాజు వచ్చి తాడు కావాలన్నాడు. ఎన్ని బారలని అడిగాను. చెప్పలేదు. ఏం పనికో చెబితే నేనే కొలిచిస్తానన్నాను. తల వంచుకుని, "మేస్త్రీగారికండి," అన్నాడు. పాడె కట్టడానికి ఎన్ని బారలు పడుతుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఉండ మొత్తం ఇచ్చేశాను.

పదో తరగతితో నా బడి చదువు అయిపోయింది. తరవాతి చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. కొట్టు కట్టేశాక అక్కడికే వెళ్ళేవాణ్ణి. రెండు బీరువాలు మొదటి అర నుంచి ఆఖరి అర దాకా చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా చదివాను. ఆ సంగతి ఊళ్ళో నలుగురికీ తెలియాలని నాకుండేది. తెలిసింది కూడా. అర్జీలకీ దరఖాస్తులకీ జనం నా దగ్గరికే వచ్చేవారు.

మేస్త్రీగారు మాత్రం మేకులకీ బోల్టులకీ వచ్చేవారు. డెబ్భైల చివర్లో మొదటిసారి చూశాను. ఖాకీ చొక్కా, గళ్ళ లుంగీ. చొక్కాకి రెండు జేబులు. ఒక దాంట్లో చుట్టలు, రెండో దాంట్లో కొబ్బరి ఈనెల కట్ట. పళ్ళు కుట్టుకోడానికేమో అనుకున్నాను. ఆయన బోల్టు కొంటే నట్టును వేలితో చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, అప్పుడు పక్కన పెట్టేవారు. వంద కొంటే వందా అలాగే చూసేవారు. మా మామయ్య విసుక్కుంటే నవ్వి, "తొందరున్నోడు ముందు కూర్చోవాలండి," అని స్టూలు లాక్కునేవారు.

ఆయనది గోదావరి మీద చేపలు పట్టుకునేవాళ్ళ ఇల్లు. "మా నాన్న నీళ్ళున్నచోట బతికాడండి, నేను నీళ్ళు లేనిచోట బతుకుతున్నాను," అనేవారు. ఆ మాట నిజమే. ఒక కంట్రాక్టరుగారి కింద కాలువ పనుల మేస్త్రీ ఆయన. ఏటా వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. ఏడాది పొడవునా నీళ్ళ కింద ఉన్న లాకు తలుపులు, తూములు, వంతెన పాదాలు ఆ కాసిని రోజులే గాలి మొహం చూస్తాయి. విరిగింది, తుప్పు పట్టింది, కుంగింది, అన్నీ ఆ రోజుల్లోనే బాగుచేయాలి. నీళ్ళు వదిలే రోజు మారదు. ఎవరు బతిమాలినా మారదు. "నీళ్ళకి చుట్టాలు లేరండి," అని ఆయన ఇంకో మాట.

ఒకసారి తలుపు గొలుసులు చేరవేయడానికి లాకుల దగ్గరికి వెళ్ళాను. ఎండిన కాలువ అడుగున మేస్త్రీగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. చుట్టూ ఆయన ముఠా కూలీలు, పోలయ్య, నూకరాజు, ఇంకా కొందరు. ఆయన ముందు ఇసుక మీద ఈనెలు. ముందుగా కుడిచేతి వైపు ఒక గులకరాయి పెట్టారు. అది నీళ్ళొచ్చే రోజు. అక్కణ్ణించి ఎడమకి, వెనక్కి వెనక్కి పేర్చుకుంటూ వస్తున్నారు. పనికొక ఈనె. రోజుకొక వేలి కణుపు. తలుపు ఎక్కించడానికి మూడు కణుపులు. దాని ముందు, సిమెంటు ఆరడానికి ఏడు. అంతకన్నా ముందు పాత రాయి తీయడం. ఒకదాని కింద ఒకటి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నూకరాజు రాయి తీయడానికి ఇంకో రెండు రోజులు పడుతుందంటే ఆ ఈనె తీసేసి పొడుగుది పెట్టి, దాని వల్ల ఏవేవి జరగాలో వేలితో జరుపుకుంటూ వెళ్ళారు. గట్టు చెక్కే కట్టింగు పని ఈనె మాత్రం కదలలేదు. "దీనికీ దానికీ పేచీ లేదు, ఇది రేపే మొదలెట్టుకోరా," అని పోలయ్యతో అన్నారు.

గులకరాయికి ముందు ఒక కణుపంత ఖాళీ వదిలేశారు. అది దేనికని అడిగాను. నీళ్ళకి ముందు రోజన్నారు. ఆ రోజు పనేమీ ఉండదట.

ఆ రోజు ఏమవుతుందో ఆ ఏడే చూశాను. మర్నాడు నీళ్ళొస్తాయని కాలువ కాపలా చూసే లస్కరు కబురు తెచ్చాడు. ముఠా ముప్పై మందీ గట్టు మీదికి ఎక్కేశారు. మేస్త్రీగారు ఒక్కరే కాలువ అడుగున, ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నారు. తట్ట, పార, గునపం ఏది మిగిలినా తీసి పైకి విసురుతున్నారు. చివరికి లాకు నడుమ నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ ఒకే మాట చెప్పాలి.

"పోలయ్యా."

"ఒడ్డున."

"నూకరాజూ."

"ఒడ్డునండి."

కళ్ళకి కనబడుతున్నవాళ్ళని కూడా పిలిచారు. జవాబు వస్తేగాని రెండో పేరుకు వెళ్ళలేదు. ఆఖరి పేరు అప్పాయమ్మ, తట్టలు మోసే ఆడవాళ్ళకి పెద్ద. ఆవిడ నోరు పెద్దది.

"అప్పాయమ్మా."

"అందరం ఒడ్డునే ఉన్నామండి. గోతిలో ఉన్నది మీరొక్కరే. ఇంక మీరు పైకి రండి."

గట్టంతా నవ్వింది. ప్రతి ఏడూ ఆవిడ ఆ మాటే అంటుందట, ప్రతి ఏడూ అందరూ నవ్వుతారట. ఆయన కూడా నవ్వుతూ మెట్లెక్కి వచ్చారు. ఎదురుగా కనబడుతుంటే పిలవడం దేనికండీ అని నేనడిగాను. చుట్ట వెలిగించుకుంటూ, "ఒక ఏడు పిలవలేదండి," అన్నారు. చుట్ట వెలుగుతూనే ఉన్నా అగ్గిపుల్ల ఇంకా పట్టుకునే ఉన్నారు. ఆ ఏడు ఎవరు మిగిలిపోయారో నేను అడగలేదు.

ఎనభైలు వచ్చాక ఆ కంట్రాక్టరుగారు పోయారు. కొడుకులు లారీల వ్యాపారంలోకి దిగి కాలువ పనులు మానేశారు. ఆ వేసవి మేస్త్రీగారు మా కొట్టుకి వచ్చారు గాని ఏమీ కొనలేదు. స్టూలు మీద కూర్చుని నట్లు తిప్పి చూసి వెళ్ళారు. ముఠా రోజూ తన ఇంటి ముందుకొచ్చి కూర్చుంటున్నారని, పని ఎప్పుడని అడగరని, అడిగితే బాగుండునని అన్నారు.

ఆ వారమే గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపరులో ఒక ప్రకటన చూశాను. పై రాష్ట్రం కంపెనీ ఒకటి మన కాలువల మీద వంతెనల, లాకుల పని తీసుకుంది. ప్రాజెక్టు మేనేజరు కావాలట. ఇంజనీరింగు పట్టా లేకపోయినా పాతికేళ్ళ అనుభవం ఉంటే చూస్తారట. బయోడేటాలో నైపుణ్యాలు విడిగా రాయాలట. నాకు ఒళ్ళు పొంగింది. మనుషుల్ని ఆయనే పెట్టుకోవచ్చు, ముప్పై మందికీ దారి దొరుకుతుంది. ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి చెప్పాను. "మనకిస్తారంటారా?" అని ఒక్కసారే అడిగారు.

గ్రంథాలయం అరుగు మీద కూర్చున్నాం. పేరు, ఊరు, వయసు, చేసిన పనులు గబగబా అయిపోయాయి. నైపుణ్యాల దగ్గర ఆగాను. మీకేమేం వచ్చో చెప్పండన్నాను.

పాతికేళ్ళలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. ఒక్కొక్కటే చెప్పారు. రాయి మీద సుత్తి వేస్తే లోపల పగులుందో లేదో చప్పుడు బట్టి తెలుస్తుందండి. ఏ ఇద్దరిని ఒక తట్ట దగ్గర పెట్టకూడదో తెలుసండి. వెనక నుంచి లెక్కేసుకుంటానండి. తప్పు కట్టిందాన్ని పడగొట్టించడం వచ్చండి, కట్టినోడికి కోపం రాకుండా. ఇంత చెప్పి, కాస్త సిగ్గుపడుతూ, "పేర్లు పిలవడం వచ్చని రాయండి," అన్నారు.

"అది నైపుణ్యం కిందికి రాదండి మేస్త్రీగారు."

"అలాగా అండి," అన్నారు. నమ్మేశారు. చదువుకున్నవాణ్ణి నేను కదా.

ఆయన చెప్పినవి ఒక్కటీ రాయలేదు నేను. గ్రంథాలయంలో పనుల నిర్వహణ మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. అందులోంచి మాటలు ఏరాను. ప్లానింగ్, షెడ్యూలింగ్, కోఆర్డినేషన్, బార్ చార్టుల తయారీ. ఆ చివరిది ఏమిటో నాకే సరిగా తెలియదు. పటాలున్న పేజీలు ఎవరో చింపుకుపోయారు. పటం లేకుండా దాని గురించి రాసిన నాలుగు వాక్యాలు మాత్రం చదివి, ఇంత పెద్ద మాట ఉంటేనే ఉద్యోగం వస్తుందనుకున్నాను. టైపు ఇన్‌స్టిట్యూటులో రత్నం నున్నటి కాగితం మీద కొట్టిపెట్టింది. చదివి వినిపించాను.

"ఇవన్నీ నాకొచ్చా అండి?"

"వచ్చినట్టేనండి."

సంతకం పెట్టారు.

పిలుపు వచ్చింది. రాజమండ్రిలో ఒక లాడ్జి గదిలో ఇంటర్వ్యూ. నేనూ వెంట వెళ్ళాను. ఆయన నిప్పులు వేసిన చెంబుతో ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కా వేసుకున్నారు. జేబులో మాత్రం ఈనెల కట్ట. లాడ్జి మెట్ల దగ్గర అది చూశాను. పెద్దవాళ్ళ ముందుకు వెళ్తున్నాం, చీపురుపుల్లలు బాగోవు, ఇలా ఇచ్చేయండన్నాను. ఇచ్చేశారు. నా చేతిసంచీలో వేసుకుని గది బయట బల్ల మీద కూర్చున్నాను.

తలుపు ఓరగా ఉంది. లోపల ముగ్గురు. ఒకరు తెలుగువారు, ఆయనే అడుగుతున్నారు. లాకు తలుపు కుంగితే ఏం చేస్తారు, ఊట ఆగకపోతే ఏం చేస్తారు. మేస్త్రీగారు చెబుతున్నారు. మొదట్లో మెల్లగా, తర్వాత లాకు దగ్గర మాట్లాడినట్టే. లోపల ఎవరో నవ్వారు, మెచ్చుకున్న నవ్వు. నాకు సగం ఉద్యోగం వచ్చేసిందనిపించింది.

"మీరు బార్ చార్టులు వేస్తారని రాశారు. ఇదిగో కాగితం. ఒక తూము పనికి వేసి చూపించండి."

కాగితం వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది.

"రాదండి."

"మరి రాశారే?"

"తప్పేనండి."

"ఎవరైనా రాసిపెట్టారా?"

"సంతకం నాదేనండి."

నేను లేచి లోపలికి వెళ్ళి, రాసింది నేనండీ అని చెప్పాలి. తలుపు నాకు నాలుగు అడుగుల దూరం. లేవలేదు. ఆ ముగ్గురి ముందు నా ఇంగ్లీషు ఎలా ఉంటుందో అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆయన లేచాక వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో అనుకున్నారు. పని తెలిసినవాడే, కాని రానిది వచ్చని రాసేవాడికి సైటు ఎలా అప్పగిస్తాం అని. తలుపు దగ్గరున్న మేస్త్రీగారికి ఆ మాటలు అర్థం కాలేదు. నాకు అర్థమయ్యాయి. రెండు బీరువాల చదువు ఆ పూట అందుకు పనికొచ్చింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. నేను ఏవేవో చెప్పాను, ఇంకో కంపెనీ, ఇంకో ప్రకటన. సిద్ధాంతం వంతెన మీదికి బస్సు ఎక్కాక ఆయన గోదావరిని చూస్తూ అన్నారు.

"ఆ కాగితంలో నా పేరు తప్ప నాది ఏదీ లేదు కదండీ."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి. వంతెన దాటాక ఈనెలు ఇమ్మన్నారు. తీసిచ్చాను. జేబులో పెట్టుకున్నారు.

తర్వాత ఆయనకు మేస్త్రీ పని దొరకలేదు. నరసాపురంలో ఒక ఐసు ఫ్యాక్టరీకి కాపలా కుదిరారు. పోలయ్య ఇటుక బట్టీకి పోయాడు. అప్పాయమ్మ బియ్యం మిల్లులో చేరింది. నూకరాజు దొరికిన చోటల్లా చేసేవాడు. నేను గ్రంథాలయానికి వెళ్తూనే ఉన్నాను, దరఖాస్తులు రాయడం మాత్రం మానేశాను.

రెండేళ్ళ తర్వాత కొట్టు పని మీద ధవళేశ్వరం వెళ్ళి, ఒక కంట్రాక్టరుగారి ఆఫీసులో కూర్చున్నాను. గోడకి పెద్ద కాగితం అంటించి ఉంది. పైన తేదీలు. ఎడమన పనుల పేర్లు. ఒక్కో పేరుకి ఎదురుగా ఒక్కో అడ్డగీత. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదాని కింద ఒకటి. అదేమిటండీ అని గుమస్తాని అడిగాను. బార్ చార్టు అన్నాడు.

ఆ గీతలు నేనెక్కడో ఇసుక మీద చూశాను.

ఆ రోజు లాడ్జిలో ఆయన రాదన్న పని పాతికేళ్ళుగా వేసవికొకసారి చేస్తున్నదే. దానికి కావలసిన ఈనెలు తలుపు బయట నా సంచీలో ఉన్నాయి.

చెప్పాలా వద్దా అని నెలరోజులు కొట్టుకున్నాను. చెప్పకపోతే రాని మనిషిలాగే బతుకుతారు. చెబితే పోయిందేమిటో తెలిసిపోతుంది. చివరికి ఒక ఆదివారం నరసాపురం వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర స్టూలు మీద ఉన్నారు. బాగా చిక్కిపోయారు. అంతా చెప్పాను. పుల్లతో నేల మీద గీతలు గీసి చూపించాను.

ఆయన ఆ గీతల మీదికి వంగారు. చెప్పుతో కాకుండా చేత్తో ఒక గీత కొస చెరిపి, కాస్త పొట్టి చేశారు. ఆరడానికి అంత అక్కర్లేదని కాబోలు.

"అయితే నాకొచ్చన్నమాట," అన్నారు.

"వచ్చండి."

"ఆ రోజు చెప్పి ఉంటే పుల్లలు తీసుకెళ్ళేవాణ్ణి కదండీ అబ్బాయిగారూ."

ఆయనే నా భుజం మీద చెయ్యి వేసి, టీ తాగుదాం రండన్నారు. టీ తాగుతూ ఒక కోరిక కోరారు. ఆ కాగితం మళ్ళీ రాయమన్నారు. నాకేమేం వచ్చో, నేను చెప్పినట్టు రాయండి అన్నారు. ఏ ఉద్యోగానికండీ అని అడిగాను. "ఉద్యోగానికి కాదండి. మా ఇంటిదాని ట్రంకుపెట్టెలో ఉంటుంది," అన్నారు.

అలాగేనన్నాను. ఆరు నెలలు రాయలేదు. ఈసారి గొప్పగా రాయాలనుకున్నాను. రాజమండ్రి నుంచి కొత్త పుస్తకాలు తెప్పించుకున్నాను, ఆయన మాటలకి సరైన మాటలు వెతికాను. అంత జరిగాక కూడా పుస్తకంలోనే వెతికాను. ఈలోగా నూకరాజు తాడు కోసం వచ్చాడు.

మేస్త్రీగారికి వచ్చినవి ఇవి.

రాయిని కొట్టి చప్పుడు విని లోపలి పగులు చెప్పగలరు. నట్టుని చివరిదాకా తిప్పందే నమ్మరు. నీళ్ళొచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కేసి ముప్పై మందికి పని పంచగలరు, కాగితం అక్కర్లేదు, కొబ్బరి ఈనెలు చాలు. తప్పుగా కట్టింది పడగొట్టించి, కట్టినవాడితోనే మళ్ళీ కట్టించగలరు, వాడి తలకాయ వంచకుండా. ఆఖరి రోజు ఎవరికీ పని చెప్పకుండా ఉండగలరు. రాని పని రాదని చెప్పగలరు. ఇంకొకరి తప్పుకి తన సంతకం చూపించగలరు. పేర్లు పిలవడం వచ్చు.

చివరిదే అన్నిటికన్నా పెద్దదని ఇప్పుడు తెలిసింది.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళున్నారు. వాళ్ళకి పేరు పేరునా దండం పెట్టుకోవాలి. ఎలా పెట్టుకోవాలో ఆయన దగ్గరే చూశాను. ఆ ఇంగ్లీషు పుస్తకానిదే పేజీలు చిరగని ప్రతి వెతికి తెప్పించిన గ్రంథాలయం సుబ్రహ్మణ్యంగారు, ఒడ్డున. దీన్ని కూడా నున్నటి కాగితం మీదే కొడతానని, డబ్బు వద్దని అన్న రత్నం, ఒడ్డున. తలుపులకీ తూములకీ ఏ ఈనె ఎంతో గుర్తుచేసి చెప్పిన పోలయ్య, ఒడ్డున. తాడు మోసుకెళ్ళిన నూకరాజు, ఒడ్డున. ట్రంకుపెట్టె తెరిచి, పాత చొక్కా జేబులోంచి ఈనెల కట్ట తీసి నా చేతిలో పెట్టిన ఆయన భార్య మంగమ్మగారు, ఒడ్డున. మిల్లు నుంచి సాయంత్రం వచ్చి ఇదంతా కూర్చుని విని, ఈసారి మాత్రం నవ్వని అప్పాయమ్మ, ఒడ్డున.

ఆయన పేరు ఈ వరసలో లేదు. పిలిచేది ఆయనే కాబట్టి ఎప్పుడూ ఉండేది కాదు.

అందరం ఒడ్డునే ఉన్నామండి మేస్త్రీగారూ. ఇంక మీరు పైకి రండి.